పవన్ ఉన్నా టైటాన్స్ ఎందుకు ఓడింది? ఒక్క స్టార్ మీద కట్టిన టీమ్ కథ

ఈరోజు చరిత్ర అంటే రాజులు, కోటలు కాదు. మన కళ్ల ముందే, మన ఫోన్లలోనే జరిగిన చరిత్ర. ముందు ఒక లెక్క చెప్తా, వినండి.

2023 అక్టోబర్‌లో ప్రో కబడ్డీ పదో సీజన్ వేలం జరిగింది. తెలుగు టైటాన్స్ పవన్ సెహ్రావత్‌ని 2 కోట్ల 60 లక్షల 50 వేలకు కొన్నది. ఆ రోజుకి లీగ్ చరిత్రలోనే అతి పెద్ద ధర. ఒక్కో టీమ్ మొత్తం పర్సు 5 కోట్లు. అంటే సగానికి పైన ఒక్క మనిషి మీదే పెట్టేశారు. నేనైతే ఆ రాత్రి ఫ్రెండ్స్ గ్రూపులో "ఈసారి కప్పు మనదే" అని మెసేజ్ కొట్టినా. ఆ స్క్రీన్‌షాట్ పెట్టి వాళ్లు నన్ను ఇప్పటికీ ఆడుకుంటా ఉంటారు.

ఎందుకంటే ఆ సీజన్‌లో టైటాన్స్ 22 మ్యాచ్‌లు ఆడి 2 గెలిచింది. రెండంటే రెండే. 12 టీముల్లో 12వ స్థానం.

సరే, పవన్ ఆడలేదా? ఆడినాడు. 202 రైడ్ పాయింట్లు తెచ్చినాడు. అంటే సగటున మ్యాచ్‌కి 9కి పైన. కబడ్డీలో ఒక రైడర్ ఒక మ్యాచ్‌లో 10 తెస్తే దాన్ని సూపర్ 10 అని పండగ చేసుకుంటారు. ఈయన సీజన్ మొత్తం దాదాపు ఆ లెవెల్లోనే ఉన్నాడు. మరి టీమ్ ఎందుకు మునిగిపోయింది?

ఈ ప్రశ్నకి మామూలుగా వచ్చే జవాబు "డిఫెన్స్ బాగాలేదు". అది నిజమే, కానీ సగం నిజం. మిగతా సగం కబడ్డీ రూల్స్‌లోనే దాక్కొని ఉంది. రూల్స్ తెలిసినోళ్లు కూడా ఒక్క నిమిషం ఓపిక పట్టండి, ఎందుకంటే కథంతా ఇక్కడే ఉంది.

క్రికెట్‌లో స్టార్ బ్యాట్స్‌మన్ ఔటైతే ఆ ఇన్నింగ్స్‌కి ఇంక రాడు. బాస్కెట్‌బాల్‌లో స్టార్‌ని కోచ్ కూర్చోబెడితేనో, ఫౌల్స్ ఎక్కువైతేనో బయటికి పోతాడు. కబడ్డీలో అట్లా కాదు. ఇక్కడ స్టార్‌ని ఎదుటి టీమే పట్టుకొని బయట కూర్చోబెడుతుంది. మళ్లీ లోపలికి తెచ్చుకోవడం మాత్రం మన టీమ్ పని. దాన్నే రివైవల్ అంటారు. మనోళ్లు ఒక టచ్ చేస్తేనో, ఒకణ్ణి ట్యాకిల్ చేస్తేనో బయట ఉన్న ఒకడు లోపలికి వస్తాడు. బోనస్ పాయింట్‌కి ఎవ్వరూ రారు. స్కోరు పెరుగుతుందే కానీ మనిషి పెరగడు.

ఇంకో మెలిక. ఎవరు ముందు ఔటైతే వాళ్లే ముందు లోపలికి రావాలి. రేషన్ షాపు క్యూ మాదిరి. స్టార్ అని చెప్పి వీఐపీ దర్శనం ఉండదు.

ఇప్పుడు ఊహించుకోండి. ఏడుగురిలో ఇద్దరు డిఫెండర్లు అప్పటికే ఔట్. మూడోవాడుగా స్టార్ దొరికిపోయినాడు. కోర్టులో మిగిలింది నలుగురు. స్టార్ లోపలికి రావాలంటే ముగ్గుర్ని రివైవ్ చెయ్యాలి. ఎవరు చెయ్యాలి? ఇన్ని రోజులూ కూతకే పోని ఆ నలుగురు. ఒక రైడ్‌కి 30 సెకన్లు. అటు ఐదు, ఇటు ఐదు రైడ్లు ఊరికే గడిచిపోతే 5 నిమిషాలు హుష్‌కాకి. మ్యాచ్ మొత్తం 40 నిమిషాలే. పైగా వరసగా రెండు రైడ్లు ఖాళీగా పోతే మూడోది డూ ఆర్ డై. పాయింట్ తేవాలి, లేకపోతే ఔట్. ఆ మూడోదానికి ఎవర్ని పంపుతారు?

అన్నిటికంటే విచిత్రం ఏందంటే, ఒక్కోసారి స్టార్ తొందరగా రావాలంటే టీమ్ మొత్తం ఆలౌట్ అయిపోవడమే దగ్గరి దారి. ఆలౌటైతే ఏడుగురూ లోపలికొస్తారు. కాకపోతే ఎదుటివాడికి 2 పాయింట్లు అదనంగా పోతాయి. అంటే మన స్టార్‌ని మనమే డబ్బులిచ్చి విడిపించుకున్నట్టు.

మేం సాఫ్ట్‌వేర్‌లో దీన్ని సింగిల్ పాయింట్ ఆఫ్ ఫెయిల్యూర్ అంటాం. ట్రాఫిక్ అంతా ఒకే సర్వర్ మీద పెడితే, అది ఎంత గొప్ప సర్వరైనా సరే, పడిపోయిన రోజు అంతా పడిపోతుంది. కబడ్డీలో అయితే దాన్ని పడగొట్టడానికే ఏడుగురు చేతులు చాపుకొని నిలబడి ఉంటారు.

ఇప్పుడు చరిత్రలోకి పోదాం. ప్రో కబడ్డీ 2014 జూలైలో 8 టీములతో మొదలైంది. తెలుగు టైటాన్స్‌కి మొదటి సీజన్ నుంచే ఒక ముఖం దొరికింది. రాహుల్ చౌదరి. ఉత్తరప్రదేశ్‌లోని బిజ్నోర్ జిల్లా అబ్బాయి. మనకి తెలుగోడే అయిపోయినాడు. అప్పుడు నేను కాలేజీలో ఉన్నా. టీవీలో మ్యాచ్ వస్తే హాస్టల్లో కుర్చీలు చాలేవి కావు.

ఆ తొలి సీజన్లలో గమనించాల్సింది ఒకటి ఉంది. రాహుల్ ఒక్కడే లేడు. దీపక్ హుడా, సుకేశ్ హెగ్డే, ఇరాన్ నుంచి మెరాజ్ షేక్ లాంటి వాళ్లు వేర్వేరు సీజన్లలో పక్కన ఉన్నారు. 2015లో రెండో సీజన్‌లో టైటాన్స్ సెమీస్‌కి పోయి, బెంగళూరు బుల్స్ చేతిలో ఒక్క పాయింట్ తేడాతో ఓడి, మూడో స్థానంలో నిలిచింది. 2016లో నాలుగో సీజన్‌లో మళ్లీ సెమీస్. ఆ సీజన్‌లో రాహుల్ 146 రైడ్ పాయింట్లతో లీగ్‌లోనే టాప్.

తర్వాత 2017. ఐదో సీజన్‌కి లీగ్ 12 టీములకి పెరిగింది. మ్యాచ్‌లు పెరిగినాయి, సీజన్ పొడుగైంది. మంచి ఆటగాళ్లు 12 చోట్లకి పంచుకుపోయినారు. ఆ సీజన్‌లోనే రాహుల్ లీగ్ చరిత్రలో 500 రైడ్ పాయింట్లు తాకిన మొదటి ఆటగాడు అయినాడు. మనం చప్పట్లు కొట్టినాం. టీమ్ మాత్రం ప్లేఆఫ్స్‌కి పోలేదు. ఆరో సీజన్‌లోనూ పోలేదు. స్టార్ రికార్డు పెరుగుతా ఉంది, టీమ్ కిందికి జారుతా ఉంది. ఈ రెండు గీతలూ అక్కడే విడిపోయినాయి.

2019లో రాహుల్‌ని వదిలేసినారు. మంచిది, ఇప్పుడన్నా టీమ్ కడతారు అనుకున్నాం. ఏం చేసినారు? ఇంకో స్టార్‌ని కొన్నారు. సిద్ధార్థ్ దేశాయ్, 1 కోటి 45 లక్షలు. అప్పటి పర్సు 4 కోట్ల 40 లక్షలు, అంటే మూడో వంతు. ఆయన కూడా 200కి పైన రైడ్ పాయింట్లు తెచ్చినాడు. టీమ్ 11వ స్థానం. ఎనిమిదో సీజన్‌లో ఆయనకే గాయమైంది, తొందరగానే బయట. కొత్త పిల్లలు అంకిత్ బేనివాల్, రజనీష్ మీద మొత్తం భారం పడింది. వాళ్లు కష్టపడినారు, కాదనను. కానీ 22 మ్యాచ్‌ల్లో గెలుపు ఒక్కటి. తొమ్మిదో సీజన్‌లో పేరున్నోళ్లని చాలామందినే తెచ్చినారు, ఐనా 2 గెలుపులు. పదిలో పవన్ వచ్చినాడు, అప్పుడూ 2.

మూడు సీజన్లు, 66 మ్యాచ్‌లు, 5 గెలుపులు. మూడుసార్లూ ఆఖరి స్థానం. అభిమానిగా ఉండటం అంటే ఏందో అప్పుడు తెలిసొచ్చింది.

ఇక్కడ మీరు అడగొచ్చు: "అన్నా, పవన్ బెంగళూరులో ఉన్నప్పుడు కప్పు కొట్టినాడు కదా?" కరెక్ట్. ఆరో సీజన్‌లో పవన్ 271 రైడ్ పాయింట్లు తెచ్చినాడు. 2019 జనవరిలో ఫైనల్లో గుజరాత్ మీద ఒక్కడే 22 పాయింట్లు. బుల్స్ 38–33తో గెలిచింది. అదే పవన్. కానీ అక్కడ కెప్టెన్ రోహిత్ కుమార్ రెండో రైడర్‌గా ఉన్నాడు. పవన్ బయట కూర్చుంటే రోహిత్ పోయి తెచ్చేవాడు. డిఫెండర్లు ఇద్దరికీ భయపడాలి. మనిషి మారలేదు, పక్కన ఉన్న మనిషి మారినాడు.

ఇంకా గట్టి సాక్ష్యం కావాలా? పట్నా పైరేట్స్‌ని చూడండి. ప్రదీప్ నర్వాల్ ఐదో సీజన్‌లో 369 రైడ్ పాయింట్లు కొట్టి పట్నాకి వరసగా మూడో టైటిల్ ఇచ్చినాడు. "చూసినావా, ఒక్కడు చాలు" అని అందరూ అన్నారు. కానీ ఆ సీజన్‌లో పట్నా రెండో రైడర్ మోనూ గోయత్ కూడా 190 దాకా తెచ్చినాడు. ఆ రెండో సంఖ్య ఎవరికీ గుర్తులేదు. తర్వాతి సీజన్‌కి మోనూని హరియాణా 1 కోటి 51 లక్షలకి ఎగరేసుకుపోయింది. ప్రదీప్ పట్నాలోనే ఉన్నాడు. ఆరో సీజన్‌లో 233 తెచ్చినాడు, ఏడో సీజన్‌లో ఏకంగా 302. రెండుసార్లూ పట్నా ప్లేఆఫ్స్‌కి పోలేదు. 302 పాయింట్లు తెచ్చిన మనిషి ఇంట్లో కూర్చొని ప్లేఆఫ్స్ టీవీలో చూడాల్సి వచ్చింది, ఆలోచించండి.

ఎనిమిదో సీజన్‌కి ప్రదీప్ 1 కోటి 65 లక్షలకి యూపీ యోధాకి పోయినాడు. పట్నా ఏమైంది? మునగలేదు. లీగ్‌లో టాప్‌లో నిలిచి, ఫైనల్‌కి పోయి, దబంగ్ ఢిల్లీ చేతిలో 36–37తో ఒక్క పాయింట్‌తో ఓడింది. సచిన్, తిరిగొచ్చిన మోనూ గోయత్, ప్రశాంత్ రాయ్, గుమాన్ సింగ్... కూతకి పోయేవాళ్లు నలుగురు. వెనకాల కొత్తగా వచ్చిన ఇరాన్ కుర్రోడు షాద్లూయి డిఫెన్స్. ఎవర్ని పట్టుకోవాలో ఎదుటి టీమ్‌కి తెలీదు.

ఇంకొకటి మన పక్క రాష్ట్రంలోనే. తొమ్మిదో సీజన్‌కి తమిళ్ తలైవాస్ పవన్‌ని 2 కోట్ల 26 లక్షలకి కొన్నది. మొదటి మ్యాచ్‌లోనే మోకాలికి గాయం, సీజన్ ఖతం. మొదట్లో తలైవాస్ తడబడింది. తర్వాత నరేందర్ అనే కొత్త కుర్రోడు ఎగబడి ఆడినాడు, పక్కన అజింక్య పవార్ అందుకున్నాడు, డిఫెన్స్ కుదిరింది. టీమ్ సెమీస్‌కి పోయింది. ఆ లీగ్‌లో తలైవాస్‌కి అదే మొదటిసారి.

ఈ కథ కబడ్డీలోనే లేదు. బాస్కెట్‌బాల్‌లో అందరికీ తెలిసిన పేరు మైకేల్ జోర్డాన్. 1986 ఏప్రిల్‌లో బోస్టన్‌లో ప్లేఆఫ్స్ మ్యాచ్. ఒక్కడే 63 పాయింట్లు కొట్టినాడు. షికాగో బుల్స్ 131–135తో ఓడింది. తర్వాతి సీజన్‌లో సగటున మ్యాచ్‌కి 37 పాయింట్లు. టీమ్ గెలిచింది 40, ఓడింది 42. ప్లేఆఫ్స్ మొదటి రౌండ్‌లోనే 0–3తో ఇంటికి. డెట్రాయిట్ పిస్టన్స్ అయితే జోర్డాన్‌ని ఆపడానికి "జోర్డాన్ రూల్స్" అని ప్రత్యేకంగా ఒక పద్ధతే పెట్టుకుంది. బంతి ఆయన చేతికి వస్తే ఇద్దరు ముగ్గురు మీద పడిపోవడం, ఇంకొకడికి ఇచ్చేలా చెయ్యడం. ఆ ఇంకొకడు కొట్టలేడని వాళ్ల ధైర్యం. 1988, 89, 90, మూడేళ్లు వరసగా బుల్స్‌ని ఇంటికి పంపినారు.

1989లో ఫిల్ జాక్సన్ కోచ్ అయినాడు. ట్రయాంగిల్ అనే పద్ధతిని టీమ్‌కి అలవాటు చేసినాడు. బంతి ఐదుగురి మధ్య తిరగాలి, ఎవరు ఖాళీగా ఉంటే వాళ్లు కొట్టాలి. జోర్డాన్‌కి మొదట్లో అది నచ్చలేదు. కానీ 1991లో మొదటి టైటిల్ వచ్చింది, మొత్తం ఆరు. 1997 ఫైనల్స్ ఆఖరి మ్యాచ్‌లో గెలుపు షాట్ కొట్టింది జోర్డాన్ కాదు, స్టీవ్ కెర్. అందరూ జోర్డాన్ మీదకి ఉరికినారు, ఆయన పక్కకి పాస్ ఇచ్చినాడు. స్టార్‌ని తీసెయ్యలేదు చూడండి. స్టార్ చేతిలో రెండో దారి పెట్టినారు, అంతే.

సరే, మన టైటాన్స్‌కి వద్దాం. 2024లో పదకొండో సీజన్. కృషన్ కుమార్ హుడా కోచ్. పవన్ టీమ్‌లోనే ఉన్నాడు, కానీ మధ్యలో గాయపడినాడు. పాత రోజులైతే అక్కడితో సీజన్ సమాప్తం. ఈసారి విజయ్ మలిక్ ముందుకొచ్చినాడు, ఆశిష్ నర్వాల్ తోడయినాడు. 22లో 12 గెలుపులు, ఏడో స్థానం. ప్లేఆఫ్స్ ఒక్క మెట్టులో తప్పిపోయింది. కానీ 2 నుంచి 12కి వచ్చినాం కదబ్బా!

2025లో పన్నెండో సీజన్. పవన్ టీమ్‌లో లేడు. కెప్టెన్ విజయ్ మలిక్. రైడ్ భారం ఆయనా, భరత్ హుడా పంచుకున్నారు. 2016 తర్వాత మొదటిసారి టైటాన్స్ ప్లేఆఫ్స్‌కి పోయింది. క్వాలిఫయర్ 2 దాకా పోయి పుణేరి పల్టన్ చేతిలో ఓడింది. కప్పు రాలేదు. కానీ తొమ్మిదేళ్ల తర్వాత, ఒకడు బయట కూర్చున్నా నా గుండె ఆగిపోని మ్యాచ్‌లు చూసినా.

ఇప్పుడు ఇదంతా నేనెందుకు ఇంత పట్టించుకుంటా ఉన్నానో చెప్పాలి.

మాది చంద్రగిరి పక్కన పల్లె. మా పక్క కనుమ అంటే పశువుల పండగ. పొద్దున ఎద్దుల కొమ్ములకి పలకలు కట్టి వదుల్తారు, కుర్రోళ్లంతా వాటి వెనకాల. సాయంత్రం మా ఊరి చెరువు పక్కన చెడుగుడు పోటీ. మా టీమ్‌లో మా మేనమామ కొడుకు, మా బావ, మా పవన్ సెహ్రావత్ అనుకోండి. ప్రతి కూతకీ మేం చెప్పేది ఒకటే మాట: "బావా, నువ్వే పో." ఆయన పోయేవాడు, తెచ్చేవాడు. మేం తొడలు కొట్టుకునేవాళ్లం.

ఒక ఏడు ఫైనల్లో పక్క ఊరోళ్లు నలుగురు కలిసి బావని గీత దగ్గర పట్టేసినారు. ఆయన కంటే ముందు మావాళ్లు ఇద్దరు బయట ఉన్నారు. ఎవరు పోవాలి? అందరూ నా మొహం చూసినారు, ఎందుకంటే నేను సన్నగా ఉంటా, ఉరకతానని. అంతవరకు నేను ఒక్కసారి కూడా మ్యాచ్‌లో కూతకి పోలేదు. గీత దాటినా, కూత మొదలుపెట్టినా. చెయ్యి ఎట్లా చాపాలో, ఎప్పుడు వెనక్కి తిరగాలో తెలీదు. మూడో అడుగుకే ఊపిరి ఆగింది. పట్టుకోవాల్సిన పని కూడా లేకుండా ఔట్. మేం ఓడినాం.

ఆ రాత్రి ఊర్లో అందరూ బావని అన్నారు. "దొరక్కుండా ఉండింటే కప్పు మనదే." నేనూ అన్నా, నిజం చెప్తా ఉన్నా. పదో సీజన్‌లో పవన్ గురించి "రెండున్నర కోట్లు దండగ" అన్నది కూడా ఇదే నోరు.

మరుసటి రోజు బావ నన్ను పిలిచినాడు. "నేను దొరికింది తప్పు కాదు రా. కూతకి పోయినోడు ఏదో ఒకరోజు దొరకతాడు. నేను దొరికినాక ఏం చెయ్యాలో మీకు తెలీకపోయిందే, అది నా తప్పు. ఎప్పుడన్నా మిమ్మల్ని పోనిచ్చినానా నేను?" అన్నాడు.

నాకు అప్పుడు అర్థం కాలేదు. టైటాన్స్ వరసగా మూడేళ్లు ఆఖర్న నిలబడినాక అర్థమైంది. స్టార్ ఒక్కడి మీద కట్టిన టీమ్‌లో అసలు నష్టం స్టార్ దొరికిన రోజు మొదలు కాదు. ఆయన గెలిపిస్తా ఉన్న రోజుల్లోనే మొదలైతుంది. ఆయన పోయిన ప్రతి కూతా పక్కోడు నేర్చుకోని ఒక కూత. గెలుస్తా ఉంటే ఎవరికీ కనపడదు. ఓడినప్పుడు బిల్లు ఒకేసారి వస్తుంది, అది కూడా స్టార్ పేరు మీదే వస్తుంది.

అందుకే రాహుల్‌కీ, సిద్ధార్థ్‌కీ, పవన్‌కీ ఒక అభిమానిగా సారీ చెప్పాలనిపించింది. వాళ్ల పని వాళ్లు చేసినారు. 200 పాయింట్లు తెచ్చిన మనిషిని పట్టుకొని ఇంకో 100 ఎందుకు తేలేదని అడగడం న్యాయం కాదు. అడగాల్సింది, ఆయన బయట కూర్చున్న ఆ 5 నిమిషాలు మిగతావాళ్లకి ఏం నేర్పినారు అని.

మా ఊర్లో ఇప్పుడు కొత్త కుర్రోళ్లు ఆడతా ఉన్నారు. బావ కోచ్. ప్రాక్టీసులో ఆయన ఒక రూల్ పెట్టినాడు: ఎవడూ వరసగా రెండు కూతలు పోకూడదు. పోయిన కనుమకి చూసినా, ఏడుగురిలో ఐదుగురు కూతకి పోతా ఉన్నారు. కప్పు గెలిచినారా అంటే లేదు, సెమీస్‌లో పోయినారు. కానీ వాళ్లలో మంచి రైడర్ దొరికినప్పుడు మిగతా పిల్లలు ఒకరి మొహం ఒకరు చూసుకోలేదు. ఒకడు లేచి పోయినాడు.

మీ ఊరి టీమ్‌లోనో, మీ కాలేజీ టీమ్‌లోనో ఇట్లా "నువ్వే పో" అనిపించుకునే మనిషి ఒకడు ఉండే ఉంటాడు. ఆయన గురించి కామెంట్లో రాయండి. ఆయన బయట కూర్చున్నప్పుడు ఎవరు పోయినారో అది కూడా రాయండి, నాకు ఆ రెండో పేరు కావాలి. మళ్లీ ఎపిసోడ్‌లో కలుద్దాం. ఉంటా మరి.